ముక్కు లేని ప్రోటీన్: ఓఆర్1ఎ1 వయల్‌తో మొదలైన ఒక కేసు

కేసు మా ల్యాబ్‌కి చిన్న థర్మోకోల్ డబ్బాలో వచ్చింది. లోపల మూడు వయల్స్. ఒక్కోదాంట్లో 50 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉందని లేబుల్ చెబుతోంది. కంటికి కనపడేది మాత్రం అడుగున అంటుకుపోయిన తెల్లటి పొర. లేబుల్ మీద కాస్త పెద్ద అక్షరాల్లో 'రికాంబినెంట్ హ్యూమన్ ఓఆర్1ఎ1, ఫుల్ లెంగ్త్' అని ఉంది. మనిషి ముక్కులో వాసనలు పట్టే రిసెప్టర్లలో ఇదొకటి. ఒక్కో వయల్ ఖరీదు జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) కుర్రాడి నెల స్టైపెండ్ కంటే ఎక్కువే.

తెచ్చింది సెన్సర్లు తయారుచేసే ఒక ఇంజినీరింగ్ బృందం. సిట్రొనెల్లా నూనెలో కల్తీని పట్టే చిన్న పరికరం చేయాలని వాళ్ల ఆలోచన. ఆ నూనె వాసనలో సిట్రొనెల్లాల్ అనే ఆల్డిహైడ్‌ది పెద్ద వాటా. ఓఆర్1ఎ1 సిట్రొనెల్లాల్‌కి స్పందిస్తుందని పేపర్లు ఉన్నాయి. అలాంటప్పుడు ఆ రిసెప్టర్‌ని కొని, బంగారు పూత ఉన్న క్వార్ట్జ్ క్రిస్టల్ మీద అతికించి, మీద నుంచి వాసన పంపితే సరిపోతుంది కదా అనుకున్నారు. కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"మేడమ్, మా చిప్ పనిచేస్తోంది. సిట్రొనెల్లాల్‌కి సిగ్నల్ చక్కగా వస్తోంది. వచ్చిన చిక్కల్లా ఒకటే, ప్రతిదానికీ వస్తోంది," అన్నారు వాళ్ల ప్రొఫెసర్ గారు.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రోటీన్ ఎక్స్‌ప్రెషన్ ఫెసిలిటీ చూసుకుంటాను. ఇలాంటి డబ్బాలు మా గుమ్మం తొక్కడం కొత్త కాదు. కానీ ఈ కేసులో మేం కూడా రెండుచోట్ల బోర్లా పడ్డాం కాబట్టి మొత్తం రాసి పెడుతున్నాను.

డేటాషీట్‌లో ఏముంది

ముందు వయల్ తెరవలేదు, డేటాషీట్ తెరిచాను. తయారైంది ఇ.కోలై అనే బ్యాక్టీరియాలో. ముందువైపు హిస్టిడిన్-సుమో ట్యాగ్, అంటే శుద్ధి సులువయ్యేలా తగిలించిన తోక. శుద్ధత, ప్రోటీన్లని పరిమాణం వారీగా విడదీసే ఎస్‌డీఎస్ జెల్ ప్రకారం, 85 శాతానికి పైగా. ట్రిస్ బఫర్, ట్రెహలోజ్ కలిపి ఫ్రీజ్-డ్రై చేశారు. వాడుక: ఇమ్యునోజెన్, వెస్టర్న్ బ్లాట్, ఎలైసా. చివర్లో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం, బయోలాజికల్ యాక్టివిటీ పరీక్షించలేదని.

అంటే అమ్మినవాళ్లు ఎక్కడా అబద్ధం చెప్పలేదు. యాంటీబాడీ చేసుకునేవాళ్లకి, బ్లాట్‌లో పాజిటివ్ కంట్రోల్ కావలసినవాళ్లకి అది సరైన సరుకే. అమైనో ఆమ్లాల వరస సరిగ్గా ఉంటే వాళ్లకి చాలు. వాసన పట్టాలంటే వరస చాలదు, ఆకారం కావాలి. ఆ ఆకారం కొవ్వు పొర బయట నిలవడం చాలా కష్టం.

వాసన రిసెప్టర్లు జీపీసీఆర్ కుటుంబంలోనివి, అంటే కణం లోపలి జీ ప్రోటీన్‌కి కబురు అందించే రిసెప్టర్లు. సుమారు 310 అమైనో ఆమ్లాల గొలుసు కణం పొరని ఏడుసార్లు గుచ్చుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంది, మల్లెల దండలో దారంలా. పొరలో ఉండే ఆ ఏడు హెలిక్సులూ నీళ్లంటే గిట్టనివి. ఇ.కోలైలో టీ7 ప్రమోటర్ (జీన్‌ని గట్టిగా నడిపే స్విచ్) పెట్టి జోరుగా తయారుచేయిస్తే, పొరలో చోటు దొరక్క ఒకదానికొకటి అతుక్కుని ఇన్‌క్లూజన్ బాడీలుగా గడ్డకడతాయి. వాటిని యూరియాతోనో ఘాటైన డిటర్జెంట్‌తోనో కరిగిస్తే జెల్ మీద అందమైన బ్యాండ్ వస్తుంది. శుద్ధత 85 శాతం అన్నది ఆ బ్యాండ్ గురించే. ముడత విప్పేసిన పట్టుచీర కూడా బరువు తూస్తే అంతే తూగుతుంది.

ఇ.కోలైలో అసలు కుదరదనీ అనను. ఎలుక రిసెప్టర్ ఒకదాన్ని ఇ.కోలైలో చేసి, శుద్ధి చేసి, లిపిడ్ బుడగల్లోకి ఎక్కించిన పని 1996లోనే వచ్చింది. సియోల్ నేషనల్ యూనివర్సిటీ వాళ్లు ఇ.కోలైలో చేసిన మనిషి రిసెప్టర్ హెచ్‌ఓఆర్2ఎజి1ని కార్బన్ నానోట్యూబ్ ట్రాన్సిస్టర్ మీద పూసి అమైల్ బ్యూటిరేట్‌ని పట్టారు, 2009లో. మా ఇంజినీర్ల ఉత్సాహానికి మూలం ఆ పేపరే. అయితే అలాంటి పనిలో ప్రతి బ్యాచ్‌కీ, పక్కనే ఇంచుమించు అదే ఆకారం ఉన్న వేరే అణువు పెట్టి తేడా చూస్తారు. కేటలాగ్‌లో కొన్న వయల్‌కి ఆ పరీక్ష ఎవరూ చేసి పెట్టరు.

జెల్ మీద ఆగిపోయిన మరక

వయల్‌ని మెల్లగా స్పిన్ చేసి, చెప్పిన బఫర్‌లో కలిపాం. ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి జెల్ అప్పజెప్పాను. గంటన్నర తర్వాత మొహం వేలాడేసుకుని వచ్చింది.

"మేడమ్, బ్యాండ్ రాలేదు. అంతా పైనే ఆగిపోయింది."

వెళ్లి చూస్తే నిజమే. లేన్‌లో కింద ఏమీ లేదు. శాంపిల్ పోసే బావి అంచున నీలం మరక, దాని కింద పొగలా సాగిన చార. "శాంపిల్ ఎంతసేపు మరిగించావు?" అన్నాను. "95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు, మామూలుగానే," అంది. ఆ మామూలుతోనే వచ్చింది తంటా. మామూలు ప్రోటీన్‌కి అది సరైన పద్ధతి. ఏడు హెలిక్సుల రిసెప్టర్‌ని మరిగిస్తే కోడిగుడ్డు తెల్లసొన పెనం మీద పడ్డట్టే: ఎస్‌డీఎస్ ఉన్నా సరే ఒకదానికొకటి పట్టుకుని గడ్డవుతుంది, జెల్‌లోకి దిగదు. రెండోసారి శాంపిల్‌ని 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి ఎక్కించాం. ఈసారి బ్యాండ్ వచ్చింది. సుమో ట్యాగ్‌తో కలిపి లెక్కేసిన బరువు కంటే కాస్త కింద. మెంబ్రేన్ ప్రోటీన్లు ఎస్‌డీఎస్‌ని ఎక్కువ మోసుకుని కొంచెం వేగంగా పరుగెత్తుతాయి, అది కంగారు పడాల్సిన విషయం కాదు. దాని పైన డైమర్ (రెండు కలిసిన జంట) బరువు దగ్గర మరో బ్యాండ్, ఇంకా పైన మెట్లు మెట్లుగా చార.

తర్వాత మిగిలిన దాన్ని సైజుని బట్టి ప్రోటీన్లని విడదీసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ మీద ఎక్కించాం. అక్కడ తేలిపోయింది. పీక్ మొత్తం వాయిడ్ వాల్యూమ్‌లోనే, అంటే అన్నిటికంటే ముందే బయటికొచ్చింది. అంటే కాలమ్ గుళికల రంధ్రాల్లోకి దూరలేనంత పెద్ద గడ్డలు. ఒంటరి రిసెప్టర్ రావాల్సిన చోట గీత నేలకి అతుక్కునే ఉంది.

అయినా ప్రొఫెసర్ గారికి సిగ్నల్ ఎందుకొచ్చింది? దీనికి ఒక్క పూట పట్టింది. వాళ్ల చిప్ మీద రిసెప్టర్‌కి బదులు మామూలు బోవైన్ సీరమ్ ఆల్బుమిన్ అతికించమన్నాను. సిట్రొనెల్లాల్ పంపారు. అదే వంపు, దాదాపు అదే లోతు. క్వార్ట్జ్ క్రిస్టల్‌కి తెలిసింది ఒక్కటే, తన మీద బరువు పెరిగితే కంపించే వేగం తగ్గుతుంది. నూనె స్వభావం ఉన్న అణువు ఏ ప్రోటీన్ గడ్డకైనా, ఏ డిటర్జెంట్ పొరకైనా అంటుకుంటుంది. ఆల్బుమిన్ అయితే మరీను, కొవ్వు ఆమ్లాల్ని రక్తంలో మోయడమే దాని వృత్తి. అప్పటిదాకా వాళ్లు పెట్టుకున్న కంట్రోల్ ఖాళీ చిప్ మాత్రమే. ఖాళీ చిప్‌తో పోలిస్తే ఏం పూసినా సిగ్నలే.

అసలు మీకేం కావాలి?

ఈ ప్రశ్న డబ్బు ఖర్చుపెట్టక ముందు అడిగి ఉండాల్సింది. అడిగితే రెండు వేర్వేరు అవసరాలు బయటపడ్డాయి. ఒకటి, ఏ అణువు ఓఆర్1ఎ1ని తట్టి లేపుతుంది, ఏది లేపదు అన్న పట్టిక. రెండు, ఎలక్ట్రానిక్స్‌కి అతికించగల రిసెప్టర్. మొదటిదానికి శుద్ధి చేసిన ప్రోటీన్ అక్కర్లేదు, రిసెప్టర్‌ని పైన మోసే బతికున్న కణాలు చాలు. రెండోదే కష్టం. ఈ రెండింటినీ ఒకే వయల్‌తో సాధించాలనుకోవడం దగ్గరే దారి తప్పింది.

కణాల మాటకొస్తే, అదీ నల్లేరు మీద నడక కాదు. లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ వాసన రిసెప్టర్ జీన్లని 1991లో బయటపెట్టారు. మనిషిలో పనిచేసేవి సుమారు 400. జీన్ చేతికి వచ్చింది కదా, మామూలు కల్చర్ కణంలో పెట్టి పరీక్షిద్దాం అనుకున్నవాళ్లందరికీ ఏళ్ల తరబడి ఒకటే నిరాశ: కణం రిసెప్టర్‌ని తయారుచేస్తుంది గానీ పైకి పంపదు. ప్రోటీన్లు తయారయ్యే లోపలి గది ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోనే ఆపేసి, తర్వాత ముక్కలు చేసి పారేస్తుంది. 1998లో ఎలుక రిసెప్టర్ ఐ7 ఆక్టనాల్‌కి స్పందిస్తుందని చూపించడానికి వైరస్‌తో ఆ జీన్‌ని ఎలుక ముక్కులోకే పంపాల్సి వచ్చింది. ముక్కు కణానికి తెలిసిన కిటుకు మూత్రపిండం కణానికి తెలియదు.

రెండు పనులు దారి తెరిచాయి. 1998లోనే రిసెప్టర్ ముందు భాగాన రొడాప్సిన్ (కంటిలో వెలుగు పట్టే రిసెప్టర్) మొదటి 20 అమైనో ఆమ్లాల తోక తగిలిస్తే కొన్ని రిసెప్టర్లు పైకి వస్తాయని తేలింది. దీన్నే మేం రో ట్యాగ్ అంటాం. తర్వాత 2004లో డ్యూక్ యూనివర్సిటీలో హిరోఆకి మత్సునామి బృందం ముక్కు న్యూరాన్లలో ఉండే ఆర్‌టీపీ1, ఆర్‌టీపీ2, రీప్1 అనే తోడు ప్రోటీన్లని పట్టుకుంది. ఇవి రిసెప్టర్‌ని చేయిపట్టుకుని పైపొర దాకా తీసుకొస్తాయి. 2007లో ఆర్‌టీపీ1 పొట్టి రూపం ఆర్‌టీపీ1ఎస్ ఇంకా బాగా పనిచేస్తుందని అదే బృందం చెప్పింది. బక్, యాక్సెల్‌లకి నోబెల్ వచ్చిందీ ఆ 2004లోనే. బహుమతి చేతికొచ్చేనాటికి కూడా చాలా రిసెప్టర్ల వాసన ఏమిటో చెప్పే సులువైన పరీక్ష చేతిలో లేదు.

కాబట్టి మా ప్లాన్: హెచ్ఈకే293టీ అనే, మూత్రపిండం నుంచి వచ్చిన కల్చర్ కణాలు, రో ట్యాగ్ పెట్టిన ఓఆర్1ఎ1 ప్లాస్మిడ్ (జీన్‌ని మోసే డీఎన్ఏ ఉంగరం), ఆర్‌టీపీ1ఎస్ ప్లాస్మిడ్, వీటితో పాటు కణం లోపలి సందేశ అణువు సైక్లిక్ ఏఎంపీ పెరిగితే వెలిగే గ్లోసెన్సర్ లూసిఫెరేజ్. రిసెప్టర్‌కి వాసన తగిలితే జీ ప్రోటీన్, దాన్నుంచి అడినైలేట్ సైక్లేజ్, దాన్నుంచి సైక్లిక్ ఏఎంపీ, చివరికి వెలుగు. రికాంబినెంట్ పని కనుక ముందు మా బయోసేఫ్టీ కమిటీకి ఫారం పెట్టాం. అదొక రెండు వారాల కథ, ఇక్కడ వద్దు.

మేం బోర్లా పడిన చోట్లు

కణాలు పెంచే చిన్న చిన్న బావులున్న మొదటి ప్లేటులో ఏమీ రాలేదు. రిసెప్టర్‌తో పనిలేకుండా నేరుగా సైక్లిక్ ఏఎంపీ పెంచే ఫోర్స్‌కోలిన్ పోసిన బావులు దీపావళిలా వెలిగాయి, అంటే గ్లోసెన్సర్, కణాలు, రీడర్ అన్నీ బాగున్నాయి. సిట్రొనెల్లాల్ బావులు ఖాళీ వెక్టర్ (రిసెప్టర్ జీన్ లేని ప్లాస్మిడ్) బావుల్లాగే చీకటి.

ఇలాంటప్పుడు చాలామంది రిసెప్టర్ మీదే నేరం మోపి కొత్త క్లోన్ ఆర్డర్ చేస్తారు. మేం ముందు రిసెప్టర్ పైకి వచ్చిందో లేదో చూశాం. కణాల్ని ఫిక్స్ చేయకుండా, బతికుండగానే ఐస్ మీద ఉంచి రో ట్యాగ్‌ని పట్టే యాంటీబాడీ వేసి, కణాల్ని ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో నడిపాం. కణం పొర చెక్కుచెదరకుండా ఉంటే యాంటీబాడీ లోపలికి పోలేదు, అంటుకుందంటే బయట ఉన్న రిసెప్టర్‌కే. చచ్చిన కణాలు మాత్రం యాంటీబాడీని స్పాంజ్‌లా పీల్చుకుంటాయి, వాటిని వేరే రంగుతో గుర్తించి తీసేయాలి. ఇది మానేసి ఫలితం చూపించే బొమ్మల్ని నేను నమ్మను. ఓఆర్1ఎ1 వక్రం కంట్రోల్‌కి కుడివైపు స్పష్టంగా జరిగింది. ఆర్‌టీపీ1ఎస్ లేకుండా చేసిన బావిలో ఆ జరుగు దాదాపు లేదు. అంటే రిసెప్టర్ వాకిట్లోనే నిలబడి ఉంది.

మరి తప్పెక్కడ? బుడ్డిలో. మా షెల్ఫ్ మీది సిట్రొనెల్లాల్ సీసా ఎప్పుడో ఎవరో తెరిచింది, సగానికి పైగా ఖాళీ, ఆ ఖాళీ నిండా గాలి. ఆల్డిహైడ్‌కి గాలి తగిలితే మెల్లగా ఆమ్లంగా మారుతుంది. మూత తీసి వాసన చూస్తే నిమ్మ ఘాటు తగ్గి మొండి కంపు. మా ముక్కులకి ముందే తెలియాల్సింది, ప్లేట్ రీడర్‌ని నమ్ముకుని ముక్కుని నమ్మలేదు. కొత్త సీసా తెప్పించి, వచ్చిన రోజే డీఎంఎస్ఓలో ఒక మోలార్ స్టాక్ చేసి, చిన్న చిన్న ట్యూబుల్లో నిండుగా పోసి మైనస్ 20లో పెట్టాం. ఒక ట్యూబ్ ఒకసారికే. ఆ తర్వాతి ప్లేటులో ఓఆర్1ఎ1 బావులు వెలిగాయి, ఖాళీ వెక్టర్ బావులు వెలగలేదు.

సంబరం ఒక్క రోజే. డోస్ రెస్పాన్స్, అంటే మోతాదు పెరిగేకొద్దీ స్పందన ఎంత పెరిగిందో గీస్తుంటే ఒక వింత. వాసన అసలు పోయని ఓఆర్1ఎ1 బావులు కొన్ని వెలుగుతున్నాయి, కొన్ని లేవు. మా అమ్మాయి ప్లేటు మ్యాప్ ప్రింట్ తీసి, వెలిగిన వాటి మీద పసుపు హైలైటర్ పూసింది. బల్ల మీద పెట్టి చూస్తే నవ్వొచ్చింది: పసుపు మచ్చలన్నీ 300 మైక్రోమోలార్ వరస పక్కనే. రెండు బావుల అవతల మసక, మూడు బావుల అవతల ఏమీ లేదు.

ఒకింట్లో తాలింపు వేస్తే పక్కింటివాళ్లకి కూర ఏమిటో తెలిసిపోతుంది కదా, అదే ఇక్కడా జరిగింది. ఆవిరయ్యే అణువు ఒక బావిలోంచి లేచి పక్క బావిలో దిగింది. మేం అనుకున్న 'జీరో' జీరో కాదు. ఇది గమనించకపోతే బేస్‌లైన్ పైకి లేచి, రిసెప్టర్ సెన్సిటివిటీ లెక్కంతా పక్కకి జరిగిపోయేది. దానికి విరుగుడు పెద్ద సైన్సేమీ కాదు. ఎక్కువ డోస్ ఒక ప్లేటులో, తక్కువ డోస్, జీరో మరో ప్లేటులో. మధ్యలో ఖాళీ వరసలు. రెండు ప్లేట్లనీ ఒకే ఇంక్యుబేటర్ అరలో పెట్టకూడదు. ఆ వాసన ఆవిరితోనే రిసెప్టర్లని పరీక్షించే పద్ధతిని మత్సునామి బృందం కావాలనే అభివృద్ధి చేసింది. మనకి తలనొప్పి అయినది వాళ్లకి పనిముట్టు అయింది.

ఇంకొక్క మాట. ఒక మిల్లీమోలార్ దగ్గర ఖాళీ వెక్టర్ కణాల వెలుగు కూడా కిందికి జారింది. అది వాసన ఫలితం కాదు, కణాలు చస్తున్నాయి. అక్కడి నుంచి పై డోసులు లెక్కలోంచి తీసేశాం.

ఇలా మొదటి అవసరం తీరింది. వాళ్లిచ్చిన అణువుల జాబితాలో ఏవి ఓఆర్1ఎ1ని లేపాయో, ఏవి లేపలేదో పట్టిక చేసి ఇచ్చాం. ఒక్క మైక్రోగ్రామ్ శుద్ధ ప్రోటీన్ కూడా వాడలేదు.

చిప్ మీద పెట్టడానికి

రెండో అవసరం దగ్గర ఓఆర్1ఎ1ని నేను పట్టుకుని వేలాడలేదు. ప్రయత్నించాం. డాక్సీసైక్లిన్‌తో ఆన్ అయ్యే సస్పెన్షన్ హెచ్ఈకే కణాలు, వెనకవైపు రో1డి4 ట్యాగ్, ప్రోటీన్ పెరగడానికి సోడియం బ్యూటిరేట్. ఈ దారి 2008లో ఎంఐటీలో షుగువాంగ్ జాంగ్ బృందం హెచ్ఓఆర్17-4 అనే రిసెప్టర్ మీద వేసి చూపించిందే. వాళ్లు ఫోస్-కోలిన్-14 అనే డిటర్జెంట్‌తో పొరలోంచి బయటికి తీశారు. రో1డి4 ట్యాగ్ అంటే రొడాప్సిన్ చివరి తొమ్మిది అమైనో ఆమ్లాలు. యాంటీబాడీ కాలమ్ దాన్ని పట్టుకుంటుంది, అదే తొమ్మిది అక్షరాల పెప్టైడ్‌ని ఎక్కువగా పోస్తే వదిలేస్తుంది. ఘాటు పదార్థాలేవీ వాడకుండా రిసెప్టర్ చేతికొస్తుంది.

మా ఓఆర్1ఎ1ని డీడీఎం లాంటి మృదువైన డిటర్జెంట్‌తో తీస్తే ఎక్కువ భాగం పెలెట్‌లోనే (తిప్పాక అడుగున దిగే ముద్దలోనే) ఉండిపోయింది, కరిగిన కొద్ది భాగం కూడా కాలమ్ మీద వాయిడ్‌లోకే పోయింది. ఫోస్-కోలిన్‌తో చాలావరకు బయటికి వచ్చింది, ప్రోటీన్ ఆకారం చెప్పే సీడీ స్పెక్ట్రమ్‌లో 208, 222 నానోమీటర్ల దగ్గర హెలిక్స్ లోయలు కూడా చక్కగా కనపడ్డాయి. కానీ హెలిక్స్ ఉంది అంటే వాసన పడుతుందని కాదు. ఫోస్-కోలిన్ పాడైన ప్రోటీన్‌ని కూడా మర్యాదగా నీళ్లలో నిలబెట్టగలదు. లీటరు కల్చర్‌కి మైక్రోగ్రాముల లెక్కలో వచ్చేదాని మీద అలాంటి అనుమానం పెట్టుకుని చిప్ చేయడం నాకిష్టం లేకపోయింది.

"సార్, రిసెప్టర్ మారుద్దాం," అన్నాను.

"సిట్రొనెల్లాల్ సంగతి?"

"అది తర్వాత. ముందు మీ చిప్‌కి నిజమైన సిగ్నల్ ఎలా ఉంటుందో చూద్దాం."

నేను చెప్పింది ఓఆర్51ఈ2 గురించి. వాసన రిసెప్టర్ల గుంపులో ఇది కాస్త పెద్దమనిషి తరహా. ముక్కులోనే కాదు, ప్రోస్టేట్‌లో కూడా ఎక్కువగా ఉంటుంది. మామూలు కల్చర్ కణాల్లో కూడా పైకి రావడానికి అంత మొండికేయదు. 2023లో ఆశిష్ మంగ్లిక్, మత్సునామి బృందాలు క్రయో-ఈఎమ్‌తో (గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతితో) మనిషి వాసన రిసెప్టర్ నిర్మాణాన్ని మొదటిసారి చూపించింది దీనితోనే. దాన్ని నిలకడగా ఉంచడానికి వెనకవైపు మినీ-జీఎస్ ప్రోటీన్‌ని (జీ ప్రోటీన్‌కి చిన్న రూపాన్ని) కలిపి కుట్టారు. లోపల కూర్చున్న అణువు ప్రోపియోనేట్, బ్రెడ్డుకి బూజు పట్టకుండా వేసే కాల్షియం ప్రోపియోనేట్‌లో ఉండేదే. ఆ గుంటలో 262వ స్థానంలోని ఆర్జినిన్ ప్రోపియోనేట్ ఆమ్లపు తలని పట్టుకుంటుంది. తోకకి మిగిలిన చోటు చాలా ఇరుకు. ఆ ఇరుకుని చేసే 155వ ఫినైల్‌అలనిన్, 158వ ల్యూసిన్‌లని చిన్న అలనిన్‌గా మారిస్తే, అంతవరకు బయటే ఉండిపోయిన పొడవాటి కొవ్వు ఆమ్లాలకి కూడా రిసెప్టర్ తలుపు తీస్తుంది.

మాకు పనికొచ్చింది ఆ 262వ ఆర్జినినే. దాన్ని అలనిన్‌గా మార్చిన మ్యుటెంట్ చేశాం. అదే కణం, అదే ప్రోటీన్, 320 అమైనో ఆమ్లాల్లో ఒక్కటి తేడా. ఫ్లో సైటోమీటర్‌లో రెండూ పైపొర మీద ఉన్నాయి. గ్లోసెన్సర్‌లో అసలుది ప్రోపియోనేట్‌కి వెలిగింది, మ్యుటెంట్ మూగబోయింది. ఆల్బుమిన్‌తో పోల్చడానికీ దీనితో పోల్చడానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఒకే కొవ్వు పొర, ఒకే జిగురు, ఒకే డిటర్జెంట్ మిగులు, రెండు చిప్‌ల మధ్య ఇక మిగిలిన తేడా గుంటలోని ఆ ఒక్క అమైనో ఆమ్లమే.

ప్రోపియోనేట్‌తో ఇంకో సుఖం ఉంది. పీహెచ్ 7.4 దగ్గర అది లవణంగా ఉంటుంది, ఆవిరవదు, పక్క బావిలోకి దూకదు. కానీ ఇక్కడో గొయ్యి. ఇంజినీరింగ్ వైపు కుర్రాడు మొదటిసారి ప్రోపియోనిక్ ఆమ్లం సీసాలోంచి నేరుగా పోశాడు. బఫర్ పీహెచ్ పడిపోయింది, రెండు చిప్‌లూ ఒక్కసారే ఉలిక్కిపడ్డాయి, మ్యుటెంట్‌తో సహా. సోడియం లవణం తీసుకుని, పీహెచ్ సరిచేసి, అంతే గాఢత ఉప్పునీటిని కంట్రోల్‌గా పెట్టాక ఆ ఉలికిపాటు పోయింది. మ్యుటెంట్ లేకపోతే ఆ మొదటి గ్రాఫే ఏ కాన్ఫరెన్స్ పోస్టర్ మీదో వెలిసేది.

చిప్‌కి శుద్ధి చేసిన రిసెప్టర్‌ని ఇవ్వలేదు. కణాల్ని పగలగొట్టి, పొరల్ని అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో దింపి, ఆ పెలెట్‌నే చిన్న బుడగలుగా చేసి ఇచ్చాం. రిసెప్టర్ తన సొంత కొవ్వులోనే ఉంటుంది, డిటర్జెంట్ గొడవ లేదు. శుద్ధత అడిగితే సిగ్గుపడాల్సిందే, అందులో నూటికి కొన్ని ప్రోటీన్లు మాత్రమే మన రిసెప్టర్. ఎలక్ట్రానిక్స్ వాళ్లకి మొదట ఇది నచ్చలేదు, వాళ్లకి 85 శాతం అన్న అంకె మీద నమ్మకం ఎక్కువ. మూడు వేర్వేరు బ్యాచ్‌ల పొరలతో అసలు, మ్యుటెంట్ చిప్‌లని పక్కపక్కన నడిపారు. తేడా వచ్చింది. మూడుసార్లూ ఒకే దిక్కుగా వచ్చింది. అయితే అది చాలా చిన్నది, ప్రొఫెసర్ గారు మొదటిరోజు మాకు చూపించిన పాత సిగ్నల్ పక్కన పెడితే గీత కదిలిందా లేదా అని కళ్లు చికిలించి చూడాలి.

ఆయన ఆ రెండు గ్రాఫుల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "అంటే పాతదంతా జిడ్డేనా మేడమ్?" అన్నారు.

ఆ జిడ్డు మాట మా ల్యాబ్‌లో ఇప్పుడు పారిభాషిక పదం అయిపోయింది. ఏ పిల్ల పెద్ద సిగ్నల్ తెచ్చినా ముందు "జిడ్డు తీసి చూశావా?" అని అడుగుతారు.

సిట్రొనెల్లాల్ సెన్సర్ ప్రస్తుతానికి పక్కన ఉంది. ఓఆర్1ఎ1కి నేను ఆశపెట్టుకున్నది కన్సెన్సస్ రిసెప్టర్ల మీద. దగ్గరి బంధువులైన రిసెప్టర్లన్నింటి వరసల్ని పక్కపక్కన పేర్చి, ప్రతి స్థానంలో ఎక్కువమందికి ఉన్న అమైనో ఆమ్లాన్ని తీసుకుని కృత్రిమంగా కూర్చిన రిసెప్టర్లు. ఇవి పైపొరకి బాగా వస్తాయి, శుద్ధికి తట్టుకుంటాయి. 2024లో వచ్చిన నిర్మాణాల్లో ఓఆర్1 కుటుంబం కన్సెన్సస్ కూడా ఉంది. జీన్ సింథసిస్‌కి ఆర్డర్ పెట్టాం.

మూడు వయల్స్‌లో ఒకటి జెల్‌కీ కాలమ్‌కీ అయిపోయింది. రెండోదాన్ని ఒక కేటలాగ్ యాంటీబాడీని పరీక్షించడానికి వాడాం. యాంటీబాడీ ఆ ప్రోటీన్‌ని గుర్తుపట్టింది, పక్క లేన్‌లో ఓఆర్1ఎ1 అసలు లేని హెచ్ఈకే కణాల లైసేట్‌లో (కణాల్ని పగలగొట్టిన రసంలో) కూడా అంతే ఉత్సాహంగా మూడు బ్యాండ్లని గుర్తుపట్టింది. మూడో వయల్ మైనస్ 80లో పై అరలో ఉంది, మూత మీద మా అమ్మాయి మార్కర్‌తో రాసిపెట్టింది: 'బ్లాట్‌కి మాత్రమే'.

నిన్న ఇంజినీరింగ్ బృందం నుంచి మెయిల్ వచ్చింది. ఈసారి అడిగింది రిసెప్టర్ కాదు, మ్యుటెంట్ పెలెట్లు ఇంకో ఆరు కావాలట.